మరుపు కుర్చీ

లోకనాథం పరీక్ష తప్పాడు.

ఆ కబురు పొద్దున్న టీ వేళకల్లా క్యాంపస్ అంతా పాకిపోయింది. పాకదూ మరి. యూనివర్సిటీలో పిల్లలు పరీక్ష తప్పితే ఎవరికీ పట్టదు గానీ, ఎకనామిక్స్ చెప్పే మాష్టారు తన సబ్జెక్టులో తానే తప్పాడంటే అంతకు మించిన వినోదం ఏముంటుంది? బోధన కేంద్రం డైరెక్టర్ త్రిపురసుందరికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె బల్లకు అవతల కూర్చుని లోకనాథం తాపీగా సమోసా తింటున్నాడు.

"ఏటి మేడం అలా సూస్తారు? నిన్న మీరే ఆ కుర్చీలో కూకోబెట్టి బుర్రలో ఉన్నదంతా ఊడ్చేసినారు. పొద్దున్నకి మళ్లీ రాలేదంటే నాదేటి తప్పు?"

"అందరికీ వచ్చిందండీ. మీ ఒక్కరికే రాలేదు."

"అందరూ తెలివైనోళ్లు మరి," అన్నాడు లోకనాథం, ఇంకో సమోసా కోసం చెయ్యి చాపుతూ.

లోకనాథం సంగతి ఎరగనివాళ్లు లేరు. నోట్సు తిరగేయకుండా క్లాసుకు వెళ్లే మనిషి. మొన్న చెప్పిందే మళ్లీ ఇవాళ చెప్పి, పిల్లలు గుర్తుచేస్తే నవ్వేసి ముందుకు పోయే రకం. బద్ధకస్తుడు పరీక్ష తప్పితే అది యంత్రం లోపమా అని త్రిపుర సరిపెట్టుకుని, అతని మార్కులు లెక్కలో కలపొద్దని ఆఫీసులో చెప్పేసింది. శుక్రవారం ఆ కుర్చీని పరిశీలించడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. ఇవాళ బుధవారం. లోకనాథం గురించి బెంగపెట్టుకునే తీరిక ఆమెకు లేదు.

ఆ కుర్చీకి అసలు పేరు వేరే ఉంది. వీసీ పరశురామ్ గారు సంస్కృతంలో ఏదో గంభీరమైనదే పెట్టారు. అయినా అందరూ మరుపు కుర్చీ అనే అంటారు. మాష్టారు అందులో కూర్చుని, తలకు టోపీలాంటిది తగిలించుకుని, తాను ఎప్పుడూ చెప్పే పాఠాన్ని మనసులో ఒకసారి చెప్పుకుంటాడు. ఆ పాఠం మెదడులో ఏయే దారుల వెంట నడుస్తోందో యంత్రం కనిపెట్టి, ఆ దారులను కాసేపు నిద్రపుచ్చుతుంది. అంతే, ఆ ఒక్క పాఠం మాయం. అప్పుడు ఆయన చెప్పిన పాత క్లాసు వీడియోనే ఆయనకు వేసి చూపిస్తారు.

మొదటిసారి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి త్రిపుర తన భర్తనే అడిగింది. భానోజీరావు ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయన క్లాసంటే వేరే డిపార్టుమెంటు పిల్లలు కూడా గుమ్మంలో నిలబడి వింటారు. అలాంటివాడు కుర్చీలోంచి లేచి, తన వీడియో తానే చూసి, "ఎవడీయన, రైలు తప్పిపోతున్నట్టు చెప్పుకుపోతున్నాడు?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎక్కడెక్కడ తన మాట తెగిపోయిందో గబగబా రాసుకున్నాడు. మర్నాడు అదే పాఠాన్ని తిరగరాసి చెబితే గంట కొట్టాక కూడా పిల్లలు కదల్లేదు.

బాగా తెలిసినవాడికి, తెలియనప్పుడు ఎలా ఉంటుందో గుర్తుండదు. మాష్టార్ల జబ్బంతా అక్కడే ఉందని త్రిపుర ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. వర్క్‌షాపులు పెట్టింది, సర్టిఫికెట్లు ఇచ్చింది. వచ్చినవాళ్లు సమోసాలు తిని, వెనక వరుసలో జవాబు పత్రాలు దిద్దుకుని వెళ్లిపోయేవాళ్లు. "పాఠం చెప్పడం రానివాళ్లకు పాఠం చెప్పే చోటు" అని ఆమె కేంద్రానికి పేరు. కుర్చీ వచ్చాక ఆ పేరు తుడిచిపెట్టుకుపోయింది. సీనియర్లు కూడా వరుసలో నిలబడి పేర్లు ఇస్తున్నారు. కమిటీ సరేనంటే రాష్ట్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరే ప్రతి లెక్చరరూ ఆ కుర్చీలో కూర్చున్నాకే క్లాసులోకి అడుగుపెట్టాలి.

పోయిన పాఠం తిరిగొచ్చిందో లేదో చూడటానికి మర్నాడు పొద్దున్నే ఒక పరీక్ష పెడతారు. దానికి తిరుగు పరీక్ష అని పేరు. లోకనాథం తప్పింది అదే.

ఆ సాయంత్రం త్రిపుర క్యాంటీన్ మీదుగా ఇంటికి బయల్దేరింది. లోపలి నుంచి లోకనాథం గొంతు వినిపించి ఆగింది. ఉల్లిపాయల ధర ఎందుకు పెరిగిందో, పెరిగినా జనం ఎందుకు కొంటున్నారో క్యాంటీన్ ఓనరుకు చెబుతున్నాడు. చెయ్యి ఆడిస్తూ, నవ్విస్తూ, మధ్యలో ఎదురు ప్రశ్నలు వేస్తూ చెబుతున్నాడు. పొద్దున పరీక్షలో తెల్లకాగితం ఇచ్చింది సరిగ్గా ఈ పాఠానికే.

"ఎప్పుడు వచ్చిందండీ మీకు?" అంది గుమ్మంలోంచే.

"ఇందాక, నాలుగింటప్పుడు మేడం. కాలవలోకి నీళ్లొగ్గినట్టు దానంతటదే వొచ్చేసింది."

"రాత్రి ఏం చేశారు?"

"పడుకున్నాను. రాత్రి ఏటి సేస్తాం?"

"పరీక్షకు చదవలేదా?"

"నేను పాఠానికే సదవను మేడం. పరీక్షకి సదువుతానా?"

క్యాంటీన్ ఓనరు పగలబడి నవ్వాడు. త్రిపుర మనసులో లెక్క చూసుకుంది. మిగిలినవాళ్లందరికీ పొద్దున్నకే తిరిగొచ్చింది. ఈ ఒక్కడికి సాయంత్రం దాకా పట్టింది. ఈ ఒక్కడే చదవలేదు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో భానోజీరావు, పక్కింటి లిఖిత కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. సందేహం వస్తే సరాసరి ఈ ఇంటికే వస్తుంది.

"అంకుల్, ఫ్రిజ్ లేకుండానే కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయి?"

త్రిపుర చెప్పులు విప్పుతూ చిన్నగా నవ్వుకుంది. ఇక గంట దాకా ఆయన లేవడు. కుండ తెప్పిస్తాడు, ఆ పిల్ల చేతి మీద నీళ్లు చల్లి ఊదమంటాడు. పెళ్లైన కొత్తలో తనకూ అలాగే చెప్పాడు.

"రేపు చెప్తానమ్మా. ఇవాళ తలనొప్పిగా ఉంది," అన్నాడు భానోజీరావు.

లిఖిత వెళ్లిపోయింది. త్రిపుర ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏవండీ, అది మీకు తెలియదా?"

"తెలియకపోవడమేంటి? బాష్పీభవనం. ద్రవం ఉపరితలం నుంచి శక్తి ఎక్కువ ఉన్న అణువులు వాయువుగా మారి వెళ్లిపోవుటచే, మిగిలిన ద్రవము యొక్క ఉష్ణోగ్రత తగ్గును." ఎక్కడా ఆగకుండా ఒక్క గుక్కలో అప్పజెప్పాడు.

వెళ్లిపోవుటచే. తగ్గును. ఆయన ఏనాడూ అలా మాట్లాడి ఎరగడు. త్రిపుర కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.

"ఇదే ఆ పిల్లకు చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. ఎందుకలా అని మళ్లీ అడిగితే?" ఆయన లిఖిత వెళ్లిన వైపు చూశాడు. "నాకు తెలియదు త్రిపురా. పుస్తకంలో ఉన్నది తెలుసు. దాని వెనక ఇంకేదో ఉండేది. దాంతోనే నేను పాఠం చెప్పేవాణ్ణి. అది లేదు."

"మరి పరీక్షలో ఎలా పాసయ్యారు?"

"బట్టీ కొట్టాను."

ఆయన దాచకుండా చెప్పాడు. మొదటిసారి కుర్చీ దిగిన రోజు రాత్రి, పాఠం ఇంకా రాలేదని కంగారుపడి, ఇంటర్ పుస్తకం తీసి చదివేశాడట. పొద్దున్న పరీక్ష ఉందని త్రిపురే చెప్పింది కదా. తప్పితే నలుగురిలో నవ్వులపాలవుతాడు. పైగా భార్య కేంద్రం, భార్య ప్రయోగం. ఎలాగూ తర్వాత అదే వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. రెండోసారి వేరే పాఠానికీ అంతే. వేడి పోయింది, కాంతి పోయింది, మొన్న ధ్వని కూడా పోయింది.

"ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదేంటండీ?" ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలియదని ఎవరితో అనగలనే? ఎవరైనా అంటారా? రాత్రి చదువుకుని, పొద్దున్న పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు వెళ్లి చెప్పేస్తాం. నువ్వూ మాష్టారివే, నీకు తెలియదా?"

తెలుసు. కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరినప్పుడు తానూ అదే చేసింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నాలు సరిగా తినలేదు.

గురువారం పొద్దున్నే త్రిపుర ల్యాబ్‌కు వెళ్లింది. కుర్చీని తయారుచేసిన డాక్టర్ నజీర్ అప్పుడే తలుపు తీస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విని, చేతిలో తాళాలతో అలాగే నిలబడిపోయాడు.

"మనం దారిని నిద్రపుచ్చాం మేడం, తెంపలేదు. అది తనంతట తాను లేవాలి. లేవకముందే ఆ చోట ఇంకోదాన్ని బలవంతంగా కూర్చోబెడితే, పాతదానికి లేవడానికి చోటుండదు."

"చదవకుండా ఊరుకుని ఉంటే?"

"ఒక రోజులో వచ్చేసేది. పరీక్ష సాయంత్రం దాకా పెట్టొద్దని మొదట్లో నేనన్నాను మేడం. పెద్ద ప్రొఫెసర్లకు సాయంత్రాలు కుదరవని మీరు పొద్దున్నకు మార్చారు."

ఆమెకు అంతా గుర్తుంది. చెప్పాపెట్టకుండా ప్రొఫెసర్లకు పరీక్ష పెట్టడం మర్యాద కాదని ముందురోజే అందరికీ సమయం చెప్పించింది కూడా తానే. పొద్దున్నకే అందరూ పాసైతే, మీ లెక్క కంటే మా మాష్టార్ల బుర్రలు చురుగ్గా ఉన్నాయని నజీర్‌ను ఆటపట్టించింది. పిల్లలు బట్టీ కొడుతున్నారని జీవితమంతా మొత్తుకున్న మనిషి, మాష్టార్లు బట్టీ కొడతారని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

"ఇప్పుడేం చేయలేమా?"

"యంత్రంతో చేయడానికేం లేదు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. చిన్నప్పుడు నేర్చుకున్నట్టు, మెల్లగా." నజీర్ తల దించుకున్నాడు. "ఎంతవరకు వస్తుందో నేను చెప్పలేను."

కుర్చీలో కూర్చున్నవాళ్లలో అందరికంటే చిన్నది బాటనీ లెక్చరర్ సుధేష్ణ. త్రిపుర ఆమెను గదికి పిలిచి, తలుపు వేసి, సూటిగా అడిగింది. సుధేష్ణ మొదట బాగానే ఉన్నానంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"క్లాసు బాగానే అవుతోంది మేడం. పిల్లలకు నచ్చుతోంది కూడా. కానీ ఇంటికెళ్తూ చెట్లను చూస్తే ఏమీ అనిపించడం లేదు. ఇదివరకు ఒక ఆకు తెంపితే దాంట్లో ఏం జరుగుతోందో కళ్లకు కట్టేది. ఇప్పుడు ఆకు ఆకులాగే ఉంది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు పరీక్ష పెట్టారు, నేను పాసయ్యాను. పాసైనవాళ్లు తెలియదని ఎలా చెప్తారు మేడం?"

త్రిపుర అక్కడి నుంచి తిన్నగా వీసీ గదికి వెళ్లింది. పరశురామ్ గారు ఓపికగానే విన్నారు. చివర్లో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయితే కుర్చీలో లోపం లేదన్నమాట. రాత్రి పుస్తకం ముట్టుకోవద్దని రూలు పెట్టండి. సరిపోతుంది."

"మాష్టార్లు ఊరుకోరు సార్. ప్రొబేషన్లో ఉన్న పిల్ల, పాఠం రావడం లేదని తెలిసి, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అనుకుంటూ, పుస్తకం తీయకుండా నిద్రపోతుందా? ఒక్కరు కూడా నిద్రపోరు. వేలమంది మాష్టార్లు అప్పజెప్పేవాళ్లయిపోతారు. మనకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే అందరూ పాసవుతారు."

"రేపు సంతకాలు కానివ్వండి. తర్వాత నింపాదిగా సరిచేసుకుందాం." ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఇంకో మాట. రేపు కమిటీ ముందు డెమో క్లాసు చెప్పేది మీ వారే. లోపం ఉందని మీరంటే, రుజువు ఏదని వాళ్లు అడుగుతారు. భానోజీరావు గారికి ఫిజిక్స్ రాదని మీ నోటితో మీరే చెబుతారా? ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంది. చెప్పకపోతే రాష్ట్రం నిండా సుధేష్ణలు తయారవుతారు. చెబితే తన భర్త పరువు పోతుంది. ఆయనకు ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

ఇంటికొచ్చి ఆయనకే చెప్పింది.

"రేపటి క్లాసు నన్ను చెప్పనీ," అన్నాడు భానోజీరావు. "బాగా చదువుకున్నాను, తడబడను. అది అయ్యాక ఏదో ఒక వంక చెప్పి క్లాసులు మానేస్తాను. నువ్వు ఆ తర్వాత కమిటీ వాళ్లతో విడిగా మాట్లాడు. పేర్లు చెప్పకు. పిల్లల ముందు మాత్రం వద్దు త్రిపురా. నీకు దండం పెడతాను."

ఆయన నిజంగానే చేతులు జోడించాడు. ఆమె గబుక్కున ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, సరేనంది.

శుక్రవారం పెద్ద క్లాస్‌రూమ్ నిండిపోయింది. ఫస్టియర్ బీఎస్సీ పిల్లలు ముందు బెంచీల్లో, కమిటీ వాళ్లు ఒక పక్కన వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. తెలుగు రానివాళ్లకు పక్కన కూర్చుని చెప్పడానికి ఇంగ్లీషు లెక్చరర్లను పెట్టారు. త్రిపుర వీసీ గారి పక్కన కూర్చుంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

భానోజీరావు గుప్తోష్ణం పాఠం ఎత్తుకున్నాడు. తడబడతాడని భయపడింది గానీ ఆయన ఒక్క మాట కూడా తప్పు పోలేదు. నిర్వచనం చెప్పాడు, సూత్రం రాశాడు, గ్రాఫు గీశాడు. పాత వీడియోలు చూసి కాబోలు, తన జోకులు కూడా గుర్తుపెట్టుకుని ఎక్కడివక్కడ వేశాడు. పిల్లలు నవ్వారు. కమిటీ పెద్దావిడ తలాడిస్తూ వింటోంది. వీసీ గారు త్రిపుర వైపు వంగి, "చూశారా, అనవసరంగా కంగారు పడ్డారు," అన్నారు నెమ్మదిగా.

ఆమెకు ఏడుపొచ్చింది. అది తన భర్త గొంతే, తన భర్త జోకులే. ఆయన మాత్రం అందులో లేడు.

"సందేహాలేమైనా ఉన్నాయా?" అన్నాడు భానోజీరావు చాక్‌పీసు చేతిలో తిప్పుకుంటూ.

ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, మాది హాస్టల్ సార్. గదిలో అన్నం మేమే వండుకుంటాం. నీళ్లు తెర్లుతున్నప్పుడు మంట ఇంకా పెద్దది చేస్తే తొందరగా ఉడుకుతుందా సార్?"

త్రిపుర ఆ ప్రశ్నను గుర్తుపట్టింది. ఇది ఆయన ప్రశ్న. ఏటా ఈ పాఠంలో ఆయనే పిల్లల్ని అడిగేవాడు. తప్పు చెప్పినవాళ్లను ఏడిపించి, నవ్వించి, జవాబు వాళ్ల నోటితోనే చెప్పించేవాడు. ఆ వీడియోల్లో ఈ ప్రశ్న లేదు కాబోలు. పుస్తకంలోనూ ఉండదు.

ఆయన బోర్డు వైపు చూశాడు. తాను రాసిన సూత్రం వైపు, గీసిన గ్రాఫు వైపు చూశాడు. గ్రాఫులో గీత అడ్డంగా, చదునుగా సాగిపోతోంది. జవాబు ఆ గీతలోనే ఉంది. ఆయనకు కనిపించలేదు.

"ఉడుకుతుందమ్మా," అన్నాడు. పాత ధీమాతోనే అన్నాడు. "మంట పెంచితే నీళ్లు ఇంకా వేడెక్కుతాయి. వేడి ఎక్కువైతే తొందరగా ఉడకాలి కదా."

"థాంక్యూ సార్," అని ఆ అమ్మాయి కూర్చుంది.

కూర్చుని రాసుకుంది. పక్కమ్మాయి రాసుకుంది. వెనకవాళ్లూ రాసుకున్నారు. భానోజీరావు మాష్టారు చెప్పిన మాట కనుక ఒక్కరు కూడా తల ఎత్తలేదు, ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. గది నిండా పెన్నులు కదులుతున్న చప్పుడు. కమిటీ వాళ్లలో ఒకాయన మెచ్చుకోలుగా నవ్వాడు.

త్రిపుర లేచి నిలబడింది. లేస్తానని ఆమె అనుకోలేదు. వీసీ గారు ఆమె చెయ్యి పట్టుకోబోయి, అందరూ చూస్తున్నారని వదిలేశారు.

"అది కొట్టేయండమ్మా. తప్పు," అంది.

పెన్నులు ఆగిపోయాయి.

"నీళ్లు మరుగుతున్నంతసేపు మంట ఎంత పెంచినా వాటి వేడి పెరగదు. అన్నం తొందరగా ఉడకదు. ఈ విషయం భానోజీరావు గారి కంటే బాగా తెలిసినవాళ్లు ఈ యూనివర్సిటీలో లేరు. ఇప్పుడు ఆయనకు తెలియదు. ఆయన తప్పు కాదు. తెలియకుండా చేసింది నేను, నా కేంద్రం." ఆమె కమిటీ వైపు తిరిగింది. "మా కుర్చీలో కూర్చున్నవాళ్లు పోయిన పాఠం తిరిగి రాకముందే బట్టీ కొట్టారు. నేను పెట్టిన పరీక్షకు భయపడి కొట్టారు. ఇక అది రాదు. దీన్ని ఇంకెవరి మీదా పెట్టకండి. సంతకం చేయకండి."

ఆమె భర్త వైపు చూడటానికి ధైర్యం చాలక ఒక క్షణం నేల చూసింది. తర్వాత చూసింది.

భానోజీరావు చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు. చేతులు ఒకదానికొకటి రుద్దుకుని, ఎవరి వైపూ చూడకుండా వేదిక దిగాడు. తలుపు వైపే వస్తున్నాడు. వెళ్లిపోతున్నాడు అనుకుంది త్రిపుర. ఇక తనతో మాట్లాడడు, ఈ క్లాసు గడప ఇంకెప్పుడూ తొక్కడు. మాటిచ్చి తప్పింది. ఆయనకున్న ఒక్కటీ నలుగురిలో తీసేసింది. ఆపాలని కూడా అనిపించలేదు, ఆపే హక్కు తనకు లేదు.

ముందు బెంచీ దగ్గరకు వచ్చి ఆయన ఆగాడు. ఆ హాస్టల్ అమ్మాయి కంగారుగా లేవబోయింది. "కూర్చోమ్మా, కాస్త జరుగు," అని ఆమె పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, త్రిపుర వైపు చూశాడు. కళ్లల్లో నీళ్లున్నాయి.

"అయితే ఆ వేడంతా ఎక్కడికి పోతోంది?" అన్నాడు. "చెప్పండి మేడం."

త్రిపుర వేదిక ఎక్కింది. ఎన్నో ఏళ్లయింది ఫిజిక్స్ చెప్పి. చాక్‌పీసు తీసుకుని, తనకు గుర్తున్నంతలో చెప్పింది. నీళ్లలోని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, ఆ పట్టు విడిపించడానికే మంటలోని వేడంతా ఖర్చవుతుందని, అందుకే ఆవిరి పెరుగుతుంది గానీ వేడి పెరగదని చెప్పింది. చెప్పి, ఏ మాష్టారైనా అడిగినట్టే అలవాటుగా అడిగింది.

"అర్థమైందా?"

క్లాసంతా ఎప్పటిలాగే తలలూపింది. కమిటీ వాళ్లు కూడా ఊపారు.

"నాకు కాలేదు," అన్నాడు భానోజీరావు.

త్రిపుర బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టింది.